ఇంటి నుంచి పని: రోజుకు గట్లు వేసుకోవడం ఎలా?

సాయంత్రం లాప్‌టాప్ మూసేటప్పుడు "ఇవాళ ఏం చేశాను?" అని మిమ్మల్ని మీరే అడిగితే జవాబు దొరకని రోజులు మీకూ ఉండే ఉంటాయి. పొద్దున్నుంచీ కుర్చీలోనే ఉన్నారు. వచ్చిన మెసేజ్‌కల్లా జవాబిచ్చారు, మూడు కాల్స్‌లో కూర్చున్నారు. సోమవారం చేద్దామనుకున్న ఆ ఒక్క పని మాత్రం గురువారం వచ్చినా ఉన్నచోటే ఉంది. చాలామంది దీన్ని బద్ధకమనుకుని తమను తామే తిట్టుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే తిట్టుకున్నాను. అసలు సంగతి వేరే అని తర్వాత తెలిసింది.

ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఆ భవనమే మన తరఫున కొన్ని పనులు చేసిపెట్టేది. గుమ్మం దాటి లోపలికి అడుగుపెడితే రోజు మొదలైనట్టు. పక్కసీటువాళ్లు బ్యాగు సర్దుకుంటుంటే రోజు అయిపోయినట్టు. తల వంచుకుని పనిలో మునిగి ఉంటే, ఏదో అడగడానికి వచ్చినవాళ్లు "తర్వాత వద్దాంలే" అని వెనక్కి తిరిగేవాళ్లు. 1973లో జాక్ నిల్స్ అనే అమెరికన్ ఇంజినీర్ ఇంటి నుంచి పనిచేసే పద్ధతికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టినప్పుడు ఆయన ఆలోచన సూటిగా ఉంది: మనిషి పని దగ్గరికి వెళ్లే బదులు పనే మనిషి దగ్గరికి రావాలి. పని వచ్చింది. ఆఫీసు వేసిపెట్టిన హద్దులు మాత్రం దానితోపాటు రాలేదు. గట్టు లేని మడిలో నీళ్లు ఎలా నిలవవో, హద్దుల్లేని రోజులో సమయమూ అలాగే నిలవదు. అందుకని కింద చెప్పేవన్నీ గట్లు వేసుకునే పనులే. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వారానికి ఒకటి చొప్పున అలవాటు చేసుకోండి.

1. పనికి ఒక చోటు

విడిగా గది ఉంటే మంచిదే. లేకపోతే ఒక మూల చాలు, కానీ రోజూ అదే మూల కావాలి. మంచం మీద మాత్రం వద్దు. పనికీ నిద్రకీ ఒకే చోటైతే రెండూ చెడతాయి.

చోటుకు ఇంత విలువ ఎందుకిస్తున్నానంటే, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో ఒక ప్రయోగం చేశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో అందరూ చెప్పుకునేది ఒకటే: ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. దీనికి ముందున్న షరతు గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఇంట్లో పనికి ప్రత్యేకంగా ఒక గది ఉన్నవాళ్లనే ఆ ప్రయోగంలోకి తీసుకున్నారు. పైగా వాళ్లు వారంలో ఒక రోజు ఆఫీసుకు వెళ్లేవాళ్లు. అంటే ఆ 13 శాతం కంటే ముందే గట్లు వేసి ఉన్నాయి.

మీ మూల నలుగురూ వాడుకునే బల్ల అయితే ఒక అట్టపెట్టె పెట్టుకోండి. పని అయ్యాక లాప్‌టాప్, ఛార్జర్, నోట్‌బుక్ అన్నీ అందులో పెట్టి మూత వేసేయండి. కళ్ల ముందు కనిపిస్తుంటే రాత్రి తొమ్మిదింటికి కూడా చేయి అటే వెళ్తుంది.

స్క్రీన్ చేయి చాచినంత దూరంలో ఉండాలి. దాని పై అంచు మీ కళ్ల ఎత్తులోనో కొంచెం కిందనో ఉండాలి. లాప్‌టాప్‌తో ఇది నేరుగా కుదరదు, ఎందుకంటే స్క్రీన్ ఎత్తితే కీబోర్డు కూడా లేస్తుంది. నాలుగు లావుపాటి పుస్తకాల మీద లాప్‌టాప్ పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా తగిలించండి. ఇల్లు సర్దుకోవడానికి ఒక్క వస్తువే కొనగలిగితే ఆ విడి కీబోర్డే కొనమంటాను. మెడనొప్పితో ఎవరూ మనసుపెట్టి పని చేయలేరు. కిటికీ మీ పక్కన ఉండేలా కూర్చోండి. వెనక ఉంటే స్క్రీన్ మీద వెలుగు పడి అక్షరాలు కనిపించవు, ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడండి. కంటి డాక్టర్లు చెప్పే సలహా ఇది.

2. మొదలయ్యే వేళ, ముగిసే వేళ

రెండూ గడియారం వేళలతో రాసిపెట్టుకోండి. మొదలయ్యే వేళను చాలామంది ఎలాగోలా పాటిస్తారు. జారిపోయేది ముగిసే వేళే. "ఇంకొక్కటి చూసి లేస్తాను" అనడంతో మొదలై గంటన్నర పోతుంది. పనికి ఎంత సమయం ఇస్తే అంతా అది ఆక్రమించుకుంటుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1955లో రాశాడు. రాత్రి పదింటి దాకా సమయం ఉందని తెలిస్తే మధ్యాహ్నం రెండింటికి ఎవరికీ తొందర ఉండదు. సాయంత్రం ఆరింటికి తప్పకుండా లేవాలని ఉంటే, మధ్యాహ్నం ఆ రెండింటి వేళకు విలువ వస్తుంది.

పొద్దున పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు బయట నడిచి రండి. సాయంత్రం ముగించాక మళ్లీ నడవండి. ప్రయాణం లేని రోజుకు ఇదే రాకపోకలు. బట్టలు మార్చుకోవడమూ అంతే, ఎవరో చూస్తారని కాదు, రోజు మారిందని మనకు తెలియడానికి.

మీ వేళలు టీమ్‌కు చెప్పండి. ఫ్రాన్స్‌లో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలు, పనివేళల తర్వాత మెయిల్, ఫోన్‌లకు దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని 2017 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. మీరున్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, "నేను తొమ్మిది నుంచి ఆరు వరకు అందుబాటులో ఉంటాను, ఆ తర్వాత నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయండి" అని ఒక్కసారి రాసి పెడితే చాలా ఇబ్బందులు పుట్టకముందే పోతాయి.

3. రేపటి పని ఇవాళే రాసుకోవడం

పొద్దున లాప్‌టాప్ తెరిచాక జాబితా రాద్దామనుకోకండి. అప్పటికే ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది, వేరేవాళ్ల పనులు మీ జాబితాలోకి ఎక్కేస్తాయి. ముందురోజు సాయంత్రమే మూడు పనులు రాసుకోండి. మూడే. మిగతావి వేరే పేజీలో ఉండనివ్వండి.

ఎలా రాస్తారన్నది కూడా ముఖ్యం. "రిపోర్ట్" అని రాస్తే అది పని అవ్వదు, బరువు అవుతుంది. చూడగానే టెన్షన్ వస్తుంది, చేయి వేరేదాని మీదికి పోతుంది. "రిపోర్ట్ మూడో భాగానికి గత త్రైమాసికం అంకెలు తెచ్చి పట్టికలో వేయాలి" అని రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో ఆ వాక్యంలోనే ఉంది. క్రియతో ముగియని పని ఏదైనా మీ జాబితాలో కనిపిస్తే దాన్ని మళ్లీ రాయండి.

ప్రతి పని పక్కన ఎంతసేపు పడుతుందనుకుంటున్నారో వేయండి, అయ్యాక నిజంగా ఎంత పట్టిందో దాని పక్కనే వేయండి. మనుషులు తమ పనులకు పట్టే సమయాన్ని తక్కువగా లెక్కేస్తారని డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. ఇదివరకు ఎంత పట్టిందో తెలిసినా, ఈసారి త్వరగా అయిపోతుందనే అనుకుంటాం. నేను రెండు వారాలు ఇలా రాసి చూసుకుంటే, "ఒక గంట" అని రాసినవి దాదాపు అన్నీ రెండు గంటలకు దగ్గరగా తేలాయి. అప్పటినుంచి రోజులో మూడో వంతు ఖాళీగా వదులుతున్నాను. ఆ ఖాళీ ఎప్పుడూ మిగలదు, అనుకోని పనులతో నిండుతుంది. వదలకపోతే ఆ అనుకోని పనులు మీ మూడు పనుల్లో ఒకదాన్ని మింగేస్తాయి.

కాగితమైనా, ఫోన్‌లో యాప్ అయినా పరవాలేదు. జాబితా ఒక్కచోటే ఉండాలి. సగం డైరీలో, సగం మెయిల్‌లో, సగం గుర్తులో ఉంటే ఏదీ నమ్మకంగా ఉండదు.

4. ఎవరూ కదిలించని గంటన్నర

మూడు పనుల్లో కష్టమైనదాన్ని మీ బుర్ర చురుగ్గా ఉండే వేళకు పెట్టుకోండి. చాలామందికి అది పొద్దుట. కొందరికి సాయంత్రం. మీది ఏదో ఒక వారం గమనిస్తే తెలుస్తుంది. ఆ గంటన్నరను క్యాలెండర్‌లో మీటింగ్‌లాగే నింపేయండి, లేకపోతే ఇంకెవరో నింపుతారు.

ఆ సమయంలో మెసేజ్‌లు చూడకపోవడం దురుసుతనం అనిపించవచ్చు. కాదు. ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్తే, మనసులో కొంత భాగం పాతదాన్నే పట్టుకుని ఉంటుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. "ఒక్క నిమిషం చూసి వస్తాను" అన్నప్పుడు పోయేది ఆ నిమిషం ఒక్కటే కాదన్నమాట. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బల్లమీద బోర్లించడం సరిపోదు. వేరే గదిలో పెట్టి రండి.

పక్కన ఒక కాగితం ఉంచుకోండి. పని మధ్యలో "కరెంటు బిల్లు కట్టాలి", "ఆయనకు ఫోన్ చేయాలి" లాంటివి గుర్తొస్తాయి. వెంటనే లేవకుండా కాగితం మీద ఒక ముక్క రాసి, మళ్లీ పనిలోకి రండి.

అసలు మొదలుపెట్టడమే కష్టంగా ఉన్న రోజుల్లో పొమోడోరో పద్ధతి పనికొస్తుంది. ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో చదువుకునేటప్పుడు, వంటగదిలో వాడే టైమర్‌తో మొదలుపెట్టాడు: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక పెద్ద విరామం. నా అనుభవంలో, చేయబుద్ధికాని పనికి 25 నిమిషాలు సరిగ్గా సరిపోతుంది. రాయడం, కోడ్ చేయడం లాంటివాటికి చాలదు. చేయి తిరిగేసరికి గంట మోగుతుంది. అలాంటప్పుడు గంటను పట్టించుకోకండి.

5. రాసే మాట సరిగ్గా ఉండాలి

అన్ని అడుగుల్లోకీ దీనికే ఎక్కువ సమయం పెట్టమంటాను. దూరం నుంచి పనిచేసేవాళ్లకు రాత అంటే గొంతూ ముఖమూ రెండూ. ఆఫీసులో సగం చెప్పి వదిలేసినా ఎదుటివాళ్లు మన ముఖం చూసి మిగతాది అడిగేవాళ్లు. ఇక్కడ అడగరు. తమకు తోచినట్టు అర్థం చేసుకుని పని మొదలుపెట్టేస్తారు.

ఒకసారి పడుకోబోయే ముందు గ్రూపులో ఇలా రాశాను: "ఆ ఫైల్ అప్‌డేట్ చేశాను, చూడండి." ఫోల్డర్‌లో దాదాపు ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నాయి. వేరే దేశంలో ఉన్న సహోద్యోగి, నాకు రాత్రి అయినప్పుడు ఆయనకు పగలు, పాత ఫైల్ తెరిచి రోజంతా దాని మీద కూర్చున్నారు. నేను నిద్రలేచేసరికి ఆయన రోజు అయిపోయింది. ఎంతో ఓపికగా చేసిన పని మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ మెసేజ్ ఇలా రాసి ఉంటే సరిపోయేది:

"జూన్ ఖర్చుల పట్టికలో, పేరు చివర 'వెర్షన్ 3' అని ఉన్నదాంట్లో, రవాణా వరుసలు సరిచేశాను. మిగతావి ముట్టుకోలేదు. మొత్తం సరిపోయిందో లేదో చూసి బుధవారం మీ టైమ్ ప్రకారం సాయంత్రం 4 లోపు చెప్పండి. మీ నుంచి మార్పులేవీ రాకపోతే ఇదే అకౌంట్స్‌కు పంపిస్తాను. లింక్ కింద ఉంది."

ఏ ఫైల్, ఏం మారింది, ఏం మారలేదు, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, చేయకపోతే ఏమవుతుంది. అన్నీ ఉన్నాయి. రాయడానికి రెండు నిమిషాలు. రెండో వాక్యం, "మిగతావి ముట్టుకోలేదు" అన్నది, చాలామంది వదిలేస్తారు. చదివేవాళ్లకు ఎక్కువ పని తగ్గించేది అదే.

ఇంకొన్ని అలవాట్లు. "హాయ్, ఉన్నారా?" అని పంపి ఆగిపోకండి. అవతలివాళ్లు "చెప్పండి" అన్నాక మీరు టైప్ చేసేలోపు ఇద్దరికీ పని ఆగుతుంది. పలకరింపూ ప్రశ్నా ఒకే మెసేజ్‌లో పంపండి. "రేపు" అనే బదులు వారం పేరు రాయండి, వేరే దేశంలో ఉన్నవాళ్లకు మీ రేపు వాళ్ల ఇవాళ కావచ్చు. కొన్ని దేశాల్లో వేసవికీ చలికాలానికీ గడియారాలు గంట జరుగుతాయి కాబట్టి, మార్చి, అక్టోబరు, నవంబరు నెలల్లో కాల్ టైమ్ ఒకసారి సరిచూసుకోండి.

మెసేజ్‌లకు రోజులో మూడు వేళలు పెట్టుకోవచ్చు, పని తీరును బట్టి నాలుగైదు. కానీ ముందు టీమ్‌తో ఒక ఒప్పందం కావాలి: చాట్‌కు ఎంతలోపు జవాబు, మెయిల్‌కు ఎంతలోపు, అత్యవసరమైతే ఏం చేయాలి. "అత్యవసరమైతే ఫోన్" అని తేల్చుకున్నాక చాట్ మోగుతున్న ప్రతిసారీ గుండె దడ ఉండదు.

మేనేజర్‌కు కనబడాలని, చాట్‌లో మనం ఆన్‌లైన్‌లో ఉన్నామని చూపే పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోకుండా కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. భోజనానికి లేచి వెళ్లాలన్నా భయం. దానికి మందు రోజు చివర మూడు వాక్యాలు: ఇవాళ ఏది పూర్తయింది, ఏది నడుస్తోంది, ఎక్కడ ఆగిపోయాను. నెల రోజులు మానకుండా పంపి చూడండి. చేసిన పని కాగితం మీద కనబడుతుంటే చుక్క గురించి ఎవరికీ పట్టదు. ఒకవేళ అప్పటికీ చుక్కనే చూస్తుంటే, ఆ విషయం మేనేజర్‌తో నేరుగా మాట్లాడాల్సిందే.

6. మీటింగ్‌లు

ఎందుకో ఒక వాక్యంలో చెప్పలేని మీటింగ్‌ను పెట్టకండి. రాతతో తేలేది రాతతో తేల్చండి. మనసు నొచ్చుకునే అవకాశం ఉన్న విషయాలు మాత్రం మాట్లాడి తేల్చుకోవాలి, చాట్‌లో కాదు. అయ్యాక ఎవరు ఏం చేయాలో నాలుగు వరుసలు ఒకరు రాసి అందరికీ పంపాలి.

వీడియో కాల్స్ ఎందుకంత అలసట తెస్తాయో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన పరిశోధకుడు జెరెమీ బైలెన్సన్ 2021లో రాశారు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, గంటల తరబడి మన ముఖం మనకే కనబడుతుండటం. మీ వీడియో మీకు కనిపించకుండా దాచే ఆప్షన్ ఉంటుంది, వాడుకోండి. చూపించేదేమీ లేని కాల్స్‌ను ఫోన్‌లో, నడుస్తూ మాట్లాడండి.

7. ఫైళ్లు

"ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అన్న పేర్లు ఎక్కడ ఉంటే అక్కడ ఏదో ఒకరోజు తప్పు ఫైల్ బయటికి వెళ్తుంది. పేరు ముందు తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టండి: 2025-03-14. ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే వరుస ఇదే. ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతట అవే తేదీ క్రమంలో నిలబడతాయి. ముఖ్యమైనవాటికి మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. కంపెనీ ఫైళ్లయితే కంపెనీ చెప్పిన చోటే. సొంత ఖాతాల్లోకి ఎక్కించకండి.

8. ఇంట్లోవాళ్లతో

"ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట విని చిరాకు పడతాం. వాళ్లకు కనిపించేది కుర్చీలో కూర్చున్న మనమే, మన చేతిలో ఉన్న పని కనిపించదు. రోజంతా "బిజీ" అనకండి, ఎవరూ నమ్మరు. ఏ వేళలో పిలవకూడదో, ఏ వేళలో పిలవచ్చో రెండూ చెప్పండి. ఒక గుర్తు పెట్టుకోండి: హెడ్‌ఫోన్స్ తలమీద ఉంటే కాల్‌లో ఉన్నట్టు, మెడలో ఉంటే మాట్లాడవచ్చు.

చిన్నపిల్లలకు "తర్వాత" అంటే అర్థం కాదు. గోడ గడియారం చూపించి "పెద్దముల్లు పన్నెండు దగ్గరికి రాగానే వస్తాను" అనండి. అది పన్నెండు దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఏమున్నా వదిలి వెళ్లండి. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మూడోసారి తలుపు తట్టరు, గడియారం చూస్తారు. ఒకసారి తప్పితే మళ్లీ మొదటినుంచి.

9. నెట్ పోయే రోజుకు

ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ కలపడం ఇవాళే ఒకసారి చేసి చూడండి. క్లయింట్ కాల్ మధ్యలో నేర్చుకునే పని కాదది. మేనేజర్ నంబరు, ఐటీ హెల్ప్ నంబరు కాగితం మీద రాసి గోడకు అతికించండి. లేచి వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ చేయడం, ఆఫీసు లాప్‌టాప్‌ను ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకపోవడం మానకండి.

10. రోజు మూసేయడం

ముగిసే వేళకు పది నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. పూర్తికాని పనులు మనసులో తిరుగుతూనే ఉంటాయి. ఇ.జె. మాసికాంపో, రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఆ పనిని పూర్తి చేయకపోయినా, దాన్ని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా రాసుకుంటే ఆ తిరుగుడు తగ్గుతుందని తేలింది. రాత్రి పక్కమీద పని గుర్తొచ్చి నిద్ర పట్టనివాళ్లకు ఇంతకంటే మంచి మాట లేదు. నా నోట్‌బుక్‌లో ఒక సాయంత్రం ఇలా ఉంది:

"పట్టిక: నాలుగో వరుస దాకా అయింది. ఐదో వరుస అంకె రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, పొద్దున 9:15కి అడగాలి. రేపు మూడు: పట్టిక ముగించడం, ఇంటర్వ్యూ ప్రశ్నలు రాయడం, సెలవు అప్లై చేయడం."

ఇంతే. ఎక్కడ ఆగానో, రేపు మొదటి అడుగు ఏదో. అది రాశాక ట్యాబ్‌లన్నీ మూసేసి, లాప్‌టాప్ పెట్టెలో పెట్టి, నడవడానికి వెళ్తాను.

వారంలో ఒక సాయంత్రం ఇంకో పావుగంట కలపండి. ఆ వారం అంచనాలూ, నిజంగా పట్టిన సమయాలూ పక్కపక్కన చూసుకుని, వచ్చే వారానికి ఏ మీటింగ్ వదులుకోవచ్చో తేల్చుకోండి. పని విషయం లేకుండా ఒక సహోద్యోగికి ఫోన్ కూడా చేయండి. సీట్రిప్ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లలోనూ చాలామంది చివరికి ఆఫీసుకే తిరిగి వెళ్లారు, వాళ్లు చెప్పిన కారణాల్లో ఒంటరితనం ముందుంది.

జ్వరం వచ్చో, ఇంట్లో ఎవరికో బాగాలేకో ఇవన్నీ తప్పిపోయే వారాలు వస్తాయి. అప్పుడు పదీ పట్టుకోవాలని చూడకండి. సాయంత్రం ఆ పది నిమిషాల నోట్ ఒక్కటి రాయండి, రేపటికి మూడు పనుల బదులు ఒకటి వేయండి. మర్నాడు పొద్దున మెయిల్ కంటే ముందు ఆ పేజీ తెరవండి.